జీవవైవిధ్యం మీద అంతర్జాతీయ ఒప్పందాలు: నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళుగా ఊళ్ళల్లో జీవవైవిధ్య రిజిస్టర్లు, అంటే ఊరి మొక్కలు, జీవాలు, వాటి గురించి జనానికి తెలిసినవి నమోదు చేసే పుస్తకాలు, రాయించే పని మీద తిరుగుతున్నాను. ఎక్కడికెళ్ళినా అవే డౌట్లు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లలు కొన్ని అడుగుతారు, ఎర్రచందనం వేసుకున్న రైతులు కొన్ని, సర్పంచులు కొన్ని. ప్రతిసారీ ఫోన్‌లో మొదట్నుంచీ చెప్పడం కుదరట్లేదు, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

## మొట్టమొదట వచ్చే డౌట్లు

జీవవైవిధ్యం అంటే పులులు, ఏనుగులు కాపాడటమేనా?

పులులు అందులో ఒక చిన్న భాగం. 1992 ఒప్పందంలో మూడు స్థాయిలు రాసుకున్నారు: ఒకే జాతిలో ఉండే తేడాలు, జాతుల మధ్య తేడాలు, చెరువు అడవి మడ లాంటి మొత్తం వ్యవస్థల మధ్య తేడాలు. మొదటిది మనవాళ్ళు ఎక్కువ మర్చిపోతారు. మీ తాత వేసిన వరి రకాలు నాలుగుంటే ఇప్పుడు ఊరంతా ఒకటే రకం వేస్తున్నారంటే అక్కడ జీవవైవిధ్యం తగ్గినట్టే, అడవిలో ఒక్క చెట్టు కొట్టకపోయినా సరే. 2019లో ఐక్యరాజ్యసమితి అండతో నడిచే ఐపీబీఈఎస్ అనే శాస్త్రవేత్తల వేదిక సుమారు 10 లక్షల జంతు, వృక్ష జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయని చెప్పింది. ఆ లెక్కలో పులి పక్కనే పురుగులు, మొక్కలు కూడా ఉన్నాయి, అవే ఎక్కువ కూడా.

ఇన్ని ఒప్పందాలు ఎందుకు, అన్నిటికీ కలిపి ఒకటి చాలదా?

ఎవరూ కూర్చుని ముందే ప్లాన్ వేసుకుని చేసినవి కాదు ఇవి, ఒక్కో సమస్య ముదిరినప్పుడు ఒక్కోటి పుట్టింది. చిత్తడి నేలలు పూడ్చేస్తున్నారని 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో ఒకటి, ఏనుగు దంతాలు, చర్మాలు, కలప దేశాలు దాటిపోతున్నాయని 1973లో వాషింగ్టన్‌లో సైటిస్, వలస జంతువుల కోసం 1979లో బాన్‌లో ఇంకోటి. అన్నిటికీ గొడుగు లాంటిది కావాలని 1992లో రియోలో జీవవైవిధ్య ఒప్పందం, అదే సీబీడీ, వచ్చింది. దాని కింద జన్యుమార్పిడి విత్తనాల రవాణా గురించి 2000లో కార్టజీనా, లాభాల పంపకం గురించి 2010లో నగోయా. సీబీడీ బయట పంట విత్తనాల కోసం 2001లో ఒకటి, ఏ దేశానికీ చెందని సముద్రం కోసం 2023లో ఒకటి. పరీక్షకి చదివేవాళ్ళు సంవత్సరాలు బట్టీ పట్టే ముందు ఏది ఏ సమస్య మీద వచ్చిందో చూసుకోండి, అప్పుడు సంవత్సరాలు వాటంతట అవే గుర్తుంటాయి.

వాతావరణ మార్పు మీటింగులూ ఇవీ ఒకటేనా? రెండిటినీ కాప్ అంటున్నారు

ఒకటి కాదు. కాప్ అంటే ఆ ఒప్పందంలో చేరిన దేశాల సమావేశం అని అర్థం, ఏ ఒప్పందానికి ఆ కాప్ ఉంటుంది. రెండు ఒప్పందాలూ 1992 రియో సదస్సులోనే సంతకాలకి వచ్చాయి. వాతావరణానిది ఏటా జరుగుతుంది, జీవవైవిధ్యానిది రెండేళ్ళకోసారి. అందుకే నంబర్లు కలవవు, 2024లో జీవవైవిధ్యం కాప్ 16 అయితే అదే ఏడాది వాతావరణం కాప్ 29. పేపర్లలో వాతావరణానికి వచ్చినంత చోటు దీనికి రాదు. నాకు తోచిన కారణం ఏంటంటే అక్కడ కార్బన్ అని ఒకే లెక్క ఉంది, టన్నుల్లో చెప్పేయొచ్చు, ఇక్కడ కొంగకీ కప్పకీ జొన్న రకానికీ కలిపి ఒకే నంబర్ ఇవ్వలేం.

అమెరికా నిజంగానే సీబీడీలో లేదా?

లేదు. 1993లో సంతకం పెట్టారు కానీ వాళ్ళ సెనేట్ ఆమోదించలేదు, అక్కడ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 196 పక్షాలు చేరిన ఒప్పందంలో వాళ్ళు ఇప్పటికీ పరిశీలకులుగానే కూర్చుంటారు. సైటిస్, రామ్‌సర్‌లలో మాత్రం ఉన్నారు. మన దేశం 1994 ఫిబ్రవరిలో సీబీడీలో చేరింది.

## ఒక్కో ఒప్పందం గురించి

మన ఒంగోలు గిత్తలు బ్రెజిల్‌లో కోట్లు సంపాదించి పెడుతున్నాయి కదా, మనకేమైనా వస్తుందా?

రాదు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు కొంచెం బాధగానే ఉంటుంది, ఎందుకంటే సీబీడీ ఎందుకు అవసరమైందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 19వ శతాబ్దం చివర నుంచి 1960ల దాకా మన ఒంగోలు పశువులు ఓడల్లో బ్రెజిల్ వెళ్ళాయి, అక్కడ వాటిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. ఇవాళ ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. అప్పట్లో విత్తనాలు, పశువులు, మొక్కలు మానవజాతి మొత్తానికి ఉమ్మడి ఆస్తి అనే లెక్కలో ఉండేవి, ఎవరు కావాలంటే వాళ్ళు పట్టుకుపోవచ్చు. 1992 ఒప్పందం ఆ లెక్కని తిరగేసింది, ఏ దేశపు జీవ వనరుల మీద హక్కు ఆ దేశానిదే, తీసుకెళ్ళాలంటే అనుమతి అడగాలి, లాభం వస్తే పంచాలి అంది. కానీ అది 1993 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వెళ్ళిపోయిన వాటికి వర్తించదు. గిత్తలు అప్పటికే వెళ్ళిపోయాయి.

సైటిస్‌లో మన ఎర్రచందనం ఎక్కడుంది?

రెండో అనుబంధంలో, 1995 నుంచి. సైటిస్‌లో మూడు జాబితాలుంటాయి. మొదటిదాంట్లో ఉన్నవాటిని అడవి నుంచి తెచ్చి వ్యాపారం చేయడం దాదాపు పూర్తిగా నిషేధం, పులి లాంటివి. రెండోదాంట్లో ఉన్నవాటికి వ్యాపారం చేయొచ్చు కానీ ఎగుమతి చేసే దేశం అనుమతి పత్రం ఇవ్వాలి, ఆ జాతికి నష్టం లేదని ముందు తేల్చాలి. మూడోది ఏదైనా ఒక దేశం తనంతట తాను సాయం అడిగి పెట్టించుకునేది. ఎర్రచందనం ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది ముఖ్యంగా మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండల్లోనే. దుంగలు వెళ్ళేది మాత్రం చైనాలో ఫర్నిచర్‌కీ జపాన్‌లో వాయిద్యాలకీ. కొనేవాడు అక్కడ, చెట్టు ఇక్కడ, మధ్యలో రేవులు. మన ఫారెస్ట్ గార్డు ఒక్కడు ఆపగలిగే వ్యవహారం కాదు, ఆ రేవులోనూ కస్టమ్స్ వాళ్ళు దుంగని గుర్తుపట్టి ఆపాలి, సైటిస్ చేసేది అదే.

మా పట్టా భూమిలో వేసిన ఎర్రచందనం కూడా అమ్ముకోకూడదా?

అమ్ముకోవచ్చు, కానీ మామిడికాయలు అమ్మినట్టు కాదు. కొట్టడానికీ, రవాణాకీ అటవీ శాఖ అనుమతి కావాలి, విదేశానికి వెళ్ళాలంటే ఎగుమతి లైసెన్సూ సైటిస్ పత్రాలూ కావాలి, చెట్టు నాటి పెంచిందే అని రికార్డు చూపించాలి. చాలా ఏళ్ళు మన ఎర్రచందనం వ్యాపారం సైటిస్ ప్రత్యేక పరిశీలనలో ఉండిపోయింది, 2023 నవంబర్‌లో ఆ పరిశీలన నుంచి తీసేశారు. పెంచిన రైతులకి అది నిజంగా మంచి వార్త. మొక్కలు వేసిన రోజు నుంచీ పాస్‌బుక్ కాపీ, మొక్కల రసీదు, ఏటా ఒక ఫోటో దాచుకోండి, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కాగితాలే మీ చెట్టుకి సాక్ష్యం.

ఎవరికీ పనికిరాని పురుగులకి కూడా అంతర్జాతీయ ఒప్పందం అవసరమా?

నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో ఉండే ఒక నీలం సాలీడు ఉంది, గుత్తి టారంటులా అంటారు. గుత్తి రైల్వే యార్డులో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు, అసలు ఇల్లు మాత్రం ఆ అడవే. తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి అని ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ లెక్క. ఊళ్ళో ఎవరూ దాని వంక చూడరు, విదేశాల్లో మాత్రం పెంచుకోవడానికి డబ్బులిచ్చి కొంటారు. 2019లో ఆ సాలీళ్ళ ప్రజాతి మొత్తాన్నీ సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. పనికిరాదు అనుకున్నదానికి ఎక్కడో కొనేవాడు ఉన్నాడంటే అది మన కళ్ళముందే ఖాళీ అయిపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు.

కొల్లేరు రామ్‌సర్ సైట్ కదా, మరి అన్ని చేపల చెరువులు ఎలా వచ్చాయి?

చెరువులు ముందు వచ్చాయి, రామ్‌సర్ గుర్తింపు తర్వాత వచ్చింది. 1970ల చివర్లో ప్రభుత్వమే లంక గ్రామాల సొసైటీలకి చెరువులు తవ్వి ఇచ్చింది, తర్వాత బయటి పెట్టుబడి వచ్చి అవి పెద్దవైపోయాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యం అన్నారు, 2002 ఆగస్టులో రామ్‌సర్ జాబితాలో చేరింది, సుమారు 90 వేల హెక్టార్లు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చేశారు, మళ్ళీ కొన్ని చోట్ల గట్లు లేచాయి. ఇందులో రామ్‌సర్ వాళ్ళు ఏం చేశారు అని అడుగుతారు. వాళ్ళ దగ్గర జరిమానా లేదు, జైలు లేదు. పరిస్థితి పాడైన చిత్తడి నేలల్ని మాంట్రూ రికార్డు అనే జాబితాలో పెట్టి ప్రపంచానికి చూపిస్తారు, మన దేశం నుంచి లోక్‌తక్, కేవలాదేవ్ అందులో ఉన్నాయి. ఒడిశా చిలికా 1993లో అందులోకి వెళ్ళింది, సముద్రానికి కొత్త ముఖం తవ్వి ఉప్పునీరు, మంచినీరు మళ్ళీ కలిసేలా చేశాక 2002లో బయటికొచ్చింది. అది కాగితం మీద బాగుపడటం కాదు, జాలర్ల వలల్లోకి చేప తిరిగొచ్చింది. కొల్లేరు విషయంలో నా బాధ ఏంటంటే కాంటూరు మూడా ఐదా అనే గొడవలోనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి, ఉప్పుటేరులోకి నీళ్ళు సరిగ్గా పోతున్నాయా, పైనుంచి వచ్చే నీళ్ళు ఎంత మురికిగా ఉన్నాయి అనే మాట తక్కువ, చెరువు మీద బతికే లంక గ్రామం వాడికి ఇంకో దారి ఏంటి అనే మాట ఇంకా తక్కువ. రామ్‌సర్ ఒప్పందంలోనే తెలివిగా వాడుకోవడం అనే సూత్రం ఉంది, మనుషుల్ని వెళ్ళగొట్టమని ఎక్కడా లేదు.

వలస పక్షుల ఒప్పందం మన బట్టమేక పిట్టకి ఏమైనా పనికొచ్చిందా?

రోళ్ళపాడుకి ఆలస్యంగా వచ్చింది. కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డి మైదానాన్ని 1988లో ఈ పిట్ట కోసమే అభయారణ్యం చేశారు, ఇప్పుడు అక్కడ అది కనిపించడమే గగనం. 2020 ఫిబ్రవరిలో ఈ వలస జంతువుల ఒప్పందం, అదే బాన్ ఒప్పందం, సమావేశం గాంధీనగర్‌లో జరిగినప్పుడు దీన్నే సదస్సు చిహ్నంగా పెట్టుకున్నారు, అప్పుడే దాని మొదటి అనుబంధంలో, అంటే అంతరించే ముప్పున్న వలస జీవుల జాబితాలో, చేర్చారు. దేశం మొత్తంలో 150 దాకా మిగిలి ఉంటాయని అంచనా, ఎక్కువ రాజస్థాన్‌లో. అక్కడ పెద్ద ప్రమాదం కరెంటు తీగలు, బరువైన పక్షి, ముందు ఉన్న తీగ కనపడక తగులుకుంటుంది. మన దగ్గర అయితే గడ్డి నేల అంటే పనికిరాని బీడు అనుకుని దున్నేశాం.

వేప, పసుపు పేటెంట్ల గొడవ నగోయా ఒప్పందమేనా?

కాదు, చాలామంది కలిపేస్తారు. పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటుని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దు చేశారు. వేప మీద యూరప్ పేటెంటు 2000లో రద్దయింది, అప్పీలు 2005లో కొట్టేశారు. ఆ రెండూ పేటెంటు చట్టం కింద గెలిచినవి, ఇది కొత్త విషయం కాదు, మా ఊళ్ళల్లో ఎప్పట్నుంచో తెలుసు అని రుజువు చేసి. నగోయా వేరే పని చేస్తుంది. మొక్కని, దాని గురించిన తెలివిని తీసుకెళ్ళే ముందే అనుమతి, లాభంలో వాటా ఎంతో రాతపూర్వకంగా. 2010 అక్టోబర్‌లో జపాన్‌లోని నగోయాలో ఒప్పుకున్నారు, 2014 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దాచిన విత్తనాలు ఎవరివి?

ఎవరి సొంతమూ కాదు. ఇక్రిశాట్ అంటే మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ. అక్కడ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలవి లక్షా పాతిక వేలకు పైగా నమూనాలున్నాయి, 144 దేశాల నుంచి వచ్చినవి. పంట విత్తనాల ఒప్పందం కింద ప్రపంచం తరఫున కాపాడుతున్నారు. ఏ దేశం పరిశోధకుడైనా ఒకే రకం ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి తీసుకోవచ్చు, ఆ విత్తనం మీద ఉన్నదున్నట్టు పేటెంటు తీసుకోకూడదు. పంటల విషయంలో ఇలా ఇచ్చిపుచ్చుకోవడం నాకు సరైనదే అనిపిస్తుంది, ఎందుకంటే ఏ దేశమూ తన తిండి మొత్తం తన విత్తనాలతోనే పండించుకోవట్లేదు, మన మిరపకాయే బయట నుంచి వచ్చింది.

నడిసముద్రంలో ఎవరి చట్టం?

తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళు దాటాక ఇన్నాళ్ళూ జీవవైవిధ్యానికని ప్రత్యేక చట్టం లేదు. 2023 జూన్‌లో హై సీస్ ఒప్పందం కుదిరింది, 2025 సెప్టెంబర్‌లో 60 దేశాల ఆమోదం పూర్తయింది, 2026 జనవరి 17 అమలు తేదీ. మన దేశం 2024 సెప్టెంబర్‌లో సంతకం పెట్టింది.

## లక్ష్యాలు, డబ్బు, శిక్ష

ఐచి లక్ష్యాలు ఒక్కటి కూడా అందలేదంట, నిజమా?

నిజం. 2010లో నగోయాలోనే 2020కి 20 లక్ష్యాలు పెట్టుకున్నారు. 2020లో సీబీడీ సొంత నివేదికే చెప్పింది, ఒక్కటీ పూర్తిగా అందలేదు, ఆరు కొంతవరకు అందాయి అని. అభయారణ్యాల విస్తీర్ణం లాంటి లెక్కపెట్టగలిగేవి కొంత కదిలాయి, ప్రకృతికి చేటు చేసే సబ్సిడీలు తీసేయడం లాంటి నొప్పి కలిగించేవి కదల్లేదు.

30కి 30 అంటే మా భూములు, గూడేలు పోతాయా?

2022 డిసెంబర్ 19న మాంట్రియల్‌లో కొత్తగా 23 లక్ష్యాలు ఒప్పుకున్నారు, కున్‌మింగ్ మాంట్రియల్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. అందులో మూడోది, 2030 కల్లా నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం కాపాడటం. 2024 లెక్క ప్రకారం ప్రపంచంలో నేల, నదులు, చెరువులు కలిపి 17.6 శాతం, సముద్రం 8.4 శాతం దగ్గర ఉన్నాం. భయం ఊరికే రాలేదు, అభయారణ్యం పేరు చెప్పి ఊళ్ళు ఖాళీ చేయించిన చరిత్ర అన్ని ఖండాల్లోనూ ఉంది. కానీ ఆ లక్ష్యం వాక్యంలోనే ఆదివాసీల, స్థానికుల హక్కుల్ని గౌరవిస్తూ అని రాసి ఉంది, మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఉంది. నల్లమలలో చెంచు పెంటల, అంటే చెంచుల గూడేల, దగ్గర ఎవరైనా వచ్చి అంతర్జాతీయ ఒప్పందం కాబట్టి కదలాలి అంటే ఒప్పందంలో ఆ మాట లేదని నిలబడి చెప్పొచ్చు. పైగా అభయారణ్యం కాని చోటు కూడా, జనం తమ పద్ధతిలో కాపాడుకుంటున్న అడవి, దేవుడి వనం లాంటివి ఈ 30 శాతంలో లెక్కకొస్తాయి.

డబ్బు ఎవరిస్తారు?

గొడవంతా అక్కడే. మాంట్రియల్‌లో రాసుకున్నది, 2030 కల్లా అన్ని వైపుల నుంచీ ఏడాదికి 200 బిలియన్ డాలర్లు, అందులో ధనిక దేశాలు పేద దేశాలకి 2025 నాటికి ఏడాదికి 20 బిలియన్లు, 2030 నాటికి 30. హాని చేసే సబ్సిడీలు ఏడాదికి 500 బిలియన్లు తగ్గించాలి. 2024లో కొలంబియాలోని కాలిలో డబ్బు మాట తేలేలోపు ప్రతినిధులు విమానాలెక్కి వెళ్ళిపోయి కోరం లేక సమావేశం ఆగిపోయింది, 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో మళ్ళీ కూర్చుని ముగించారు.

కాలి ఫండ్ అంటే ఏంటి? ఆకు తీసుకెళ్ళకుండా ఎలా దోచుకుంటారు?

ఇప్పుడు కంపెనీకి ఆకు అక్కర్లేదు. ఆ మొక్క జన్యువు వరస ఎవరో చదివి ఉచిత డేటాబేస్‌లో పెట్టేస్తారు, దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని ల్యాబ్‌లోనే మందు తయారు చేసుకోవచ్చు. సరిహద్దు దగ్గర ఆపడానికి సంచీ లేదు. అందుకే ఇలాంటి సమాచారం వాడి లాభపడే మందుల, సౌందర్య సాధనాల, విత్తన కంపెనీలు పెద్దవైతే లాభంలో 1 శాతం గానీ అమ్మకాల్లో 0.1 శాతం గానీ ఈ నిధికి ఇవ్వాలని అనుకున్నారు, కనీసం సగం ఆదివాసీలకి, స్థానిక సమాజాలకి వెళ్ళాలి. ఇబ్బంది ఏంటంటే కట్టి తీరాలని లేదు, ఇవ్వాలి అని మాత్రమే ఉంది.

మాట తప్పిన దేశానికి శిక్ష ఏంటి?

సీబీడీలో ఏమీ లేదు, నివేదికలు ఇవ్వాలి, అందరి ముందూ సమాధానం చెప్పాలి అంతే. సైటిస్‌కి మాత్రం కోరలున్నాయి, ఒక దేశంతో ఆ జాతుల వ్యాపారం ఆపేయమని మిగతా దేశాలకి చెప్పగలదు, చెప్పింది కూడా.

## మన దేశం, మన ఊరు

2012లో హైదరాబాద్‌లో జరిగిన సదస్సు వల్ల ఏమొచ్చింది?

అక్టోబర్ 8 నుంచి 19 దాకా సీబీడీ కాప్ 11 ఇక్కడే జరిగింది. పేద దేశాలకి వెళ్ళే జీవవైవిధ్య నిధులు 2015కి రెట్టింపు చేయాలని ఒప్పుకున్నారు, మన దేశం 50 మిలియన్ డాలర్ల హైదరాబాద్ ప్రతిజ్ఞ ప్రకటించింది, ఆ సదస్సు రోజుల్లోనే, అక్టోబర్ 9న, నగోయా ప్రోటోకాల్‌ని ఆమోదించింది. గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ జంక్షన్ అని రోజూ లక్షలమంది పలుకుతున్న పేరుకి కూడా అప్పటి పార్కే కారణం.

బీఎంసీ అంటే ఏంటి, మా పంచాయతీలో ఉందా?

ఉండి తీరాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. పైన రాష్ట్రంలో బోర్డు, చెన్నైలో జాతీయ ప్రాధికార సంస్థ. దేశం మొత్తం రెండున్నర లక్షలకు పైగా కమిటీలున్నాయని లెక్క. కాగితం మీద ఉండటం, పనిచేయడం వేరు వేరు. నేను చూసిన ఒక రిజిస్టర్‌లో పేజీలకి పేజీలు పక్క ఊరి దాంట్లోవి అచ్చంగా దించేశారు, ఆ ఊళ్ళో లేని వాగు పేరు కూడా అలాగే వచ్చేసింది. అలాంటి రిజిస్టర్ ఉన్నా రేపు ఎవడైనా మన మొక్క మీద లాభం తీసుకుంటే ఇది మాది అని చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు. పంచాయతీ సెక్రటరీని అడగండి, చూపించకపోతే సమాచార హక్కు కింద రాసి అడగండి.

వేపాకుకి ఒక ఊరికి డబ్బులొచ్చాయంట, నిజమేనా?

నిజమే. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి వనపర్తి జిల్లా అమరచింత. హైదరాబాద్ కంపెనీ ఒకటి అక్కణ్నుంచి 2 వేల కిలోల వేపాకు జపాన్‌కి పంపింది, జాతీయ సంస్థకి 55 వేల చిల్లర రాయల్టీ కట్టింది, అందులో 20 వేలు ఊరి కమిటీకి వచ్చాయి, వేప మొక్కలు నాటడానికి. మొత్తం చిన్నదే. కానీ రియోలో రాసుకున్న ఒక వాక్యం అమరచింత దాకా నడిచొచ్చి చేతిలో డబ్బై నిలబడింది. ఎర్రచందనంలో అయితే మొత్తాలు పెద్దవి, 2025లో 198 మంది రైతులకి, ఒక విద్యాసంస్థకి కలిపి 3 కోట్లు విడుదల చేశారు.

2023లో చట్టం మార్చారు, అది మంచిదా చెడ్డదా?

జైలు శిక్ష తీసేసి లక్ష నుంచి 50 లక్షల దాకా జరిమానా పెట్టారు, ఆయుష్ వైద్యులకి, పుస్తకాలకెక్కిన సంప్రదాయ జ్ఞానం వాడేవాళ్ళకి, పండించిన ఔషధ మొక్కలకి మినహాయింపులిచ్చారు. ఊరి వైద్యుడికి భయం పోవడం మంచిదే. నాకు నచ్చనిది పుస్తకాలకెక్కిన జ్ఞానం అనే మినహాయింపు, ఎందుకంటే గ్రంథంలో ఉన్న మొక్కనైనా అడవిలోంచి ఏరి తెచ్చేది ఇవాళ ఏ గూడెంలోనో ఉన్న మనిషి, ఆ మనిషి వాటా ఈ సందులో జారిపోతుంది.

రిజిస్టర్‌లో ఏం రాయాలి? మా అమ్మమ్మ చెప్పేవి కూడా రాయొచ్చా?

ముందు రాయాల్సింది అవే. ఆమెని కూర్చోబెట్టి అడిగితే సగం గుర్తురావు, పొద్దున్నే గట్ల మీద, చెరువు కట్ట మీద కలిసి నడవండి, మొక్క కనపడగానే మాట దానంతట అదే వస్తుంది. ఆమె పిలిచే పేరే ముందు రాయండి, శాస్త్రీయ నామం తర్వాత ఎవరినైనా అడిగి రాసుకోవచ్చు. ఏ నెలలో పూస్తుంది, ఎక్కడ ఎక్కువ, ముందు ఎక్కడుండేది ఇప్పుడెక్కడ లేదు, ఎవరు వాడతారు, పశువులు తింటాయా, ఇవన్నీ. మందు తయారీ లాంటిది, ఆమె బయటికి చెప్పొద్దంటే, ఫలానా ఆమెకి తెలుసు అని మాత్రం రాసి వదిలేయండి, గోప్యంగా ఉంచమని అడిగే హక్కు ఆమెకి ఉంది. నేను వెళ్ళిన ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ బతుకమ్మకి గునుగు పువ్వు ఏ చేలల్లో కోసుకొచ్చేదో ఒక్కో చేను పేరుతో చెప్పింది, మొత్తం పదకొండు. ఆమెతో కలిసి వెళ్ళి చూస్తే మూడింట్లో ఉంది. ఆ పదకొండు పేర్లూ, ఆ మూడూ, ఆ రోజు తేదీ అన్నీ రాశాం.